పుండొకచోట, మందొకచోట

మా షాపుకు ఎవరైనా పాత బండి తోసుకుంటూ వచ్చి, "అన్నా, ఇంజిన్ బోర్‌కొచ్చింది, పిస్టన్ కిట్టు ఇయ్యి" అంటే వెంటనే కిట్టు తియ్యను. "ముందు ప్లగ్గు విప్పి చూపియ్యి" అంటాను. హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా టూ వీలర్ స్పేర్ పార్ట్స్ అమ్ముతున్నాను. ప్లగ్గు మొన మసిబారిందా, తెల్లగా కాలిందా, ఆయిల్ తడి ఉందా అన్నది చూస్తే ఇంజిన్ కడుపులో ఏం జరుగుతోందో సగం తెలిసిపోతుంది. ప్లగ్గుతో పోయే రోగానికి కిట్టు అంటగట్టిన పాపం నేను ఎన్నడూ చేయలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. తరవాత చెప్పబోయే దాంట్లో గర్వపడటానికి ఏమీ లేదు.

అలాంటివాణ్ని నా సొంత కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ప్లగ్గు విప్పలేదు. విప్పకుండానే 49,750 రూపాయలు పోశాను. రైలు చార్జీలు, ఆటోలు, సికింద్రాబాద్‌లో తిన్న బిర్యానీలు ఈ లెక్కలో లేవు.

మీకు చెప్పడానికి మొహమాటం ఎందుకు? నాకు నలభై ఆరేళ్లు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి, ఇంటికొచ్చి తిని, ఓ గంట కంప్యూటర్‌లో ఆట ఆడితే గానీ నాకు నిద్ర పట్టదు. పెళ్లిళ్లలో చుట్టాల ముందు ఈ సంగతి చెప్పను. నా వయసువాళ్లలో ఇలా దాచుకుని ఆడేవాళ్లు ఊరికి వందమంది ఉంటారని నా నమ్మకం. కొందరు పేకాడతారు, కొందరు సీరియల్ చూస్తారు, నేను జీటీఏ ఆటలోని లాస్ శాంటోస్ వీధుల్లో కారు తోలుకుంటూ తిరుగుతాను. పగలంతా గ్రీజు చేతులతో కౌంటర్ వెనకాల నిలబడ్డవాడికి ఆ గంట చల్లటి నీళ్ల స్నానం లాంటిది.

ఆ పాత కంప్యూటర్‌ను 2015 మే నెలలో కట్టుకున్నాను. అంతకు ముందు నెలలోనే జీటీఏ 5 కంప్యూటర్లకు వచ్చింది, దాన్ని ఆడాలన్న ఒకే ఒక్క కోరికతో చిట్టీ ఎత్తాను. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతస్తులన్నీ ఎక్కి దిగి, ఒక్కో ముక్క ఒక్కో కొట్లో కొన్నాను. ఇంటెల్ ఐ5 4460 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 2 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 960 గ్రాఫిక్స్ కార్డు, ఒక టీబీ హార్డ్ డిస్కు, 450 వాట్ల పవర్ సప్లై. అన్నీ ఇంటికి తెచ్చి నేలమీద దుప్పటి పరిచి నా చేతులతో బిగించాను. మొదటిసారి స్విచ్ నొక్కగానే ఫ్యాను తిరిగితే, మా పెద్దోడు మొదటి అడుగు వేసినంత సంబరపడ్డాను. మూడు నెలలు తిరక్కుండానే ఆగస్టులో ఇంటెల్ కొత్త తరం వచ్చింది. దాని సాకెట్ వేరు, దాని ర్యామ్ డీడీఆర్4. అంటే నేను కొన్న బోర్డుకు ముందు దారి అక్కడితో ఆగిపోయింది. ఈ సంగతి అప్పుడు పట్టించుకోలేదు. ఏడేళ్ల తరవాత అదే నా మెడకు చుట్టుకుంది.

2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 ఆట వచ్చాక మా పెట్టెకు ఆయాసం మొదలైంది. నగరం నడిబొడ్డుకు వెళితే చాలు, స్టక్ అయ్యేది. మనిషి ఓ అడుగు వేసి, ఆలోచించుకుని, మరో అడుగు వేసేవాడు. కొత్త కార్డు కొందామంటే 2021లో ధరలు ఆకాశంలో ఉన్నాయి. కార్డులన్నీ క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్లు ఎత్తుకుపోతుంటే మాలాంటివాళ్లం అద్దాల బయట నిలబడి చూశాం. 2022 వేసవిలో ఉండబట్టలేక 3,400 పెట్టి 500 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి వేశాను. పాత హార్డ్ డిస్కు సెకనుకు సుమారు వంద ఎంబీ చదివితే ఇది ఐదొందల దాకా చదువుతుంది. స్విచ్ వేసి టీ పెట్టుకుని వచ్చేదాకా తెరుచుకోని విండోస్, కుర్చీలో సర్దుకునేలోగా తెరుచుకుంది. నేను పెట్టిన డబ్బులో ఇంత న్యాయంగా ఫలించింది ఇంకొకటి లేదు.

ఆ సుఖమే నన్ను చెడగొట్టింది. ఒక చిన్న ముక్క మారిస్తేనే ఇంత ప్రాణం వచ్చిందే, ఇంకో ముక్క మారిస్తే పూర్తిగా పడుచుదైపోతుందని మనసులో నాటుకుపోయింది.

అప్పటికే నా మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. "మామా, ఆ బోర్డు మీద ఇంక పైసలు పెట్టకు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడు కలిపి మార్చు. కార్డు తర్వాత చూద్దాం" అన్నాడు. అక్షరాలా ఇంతే. నేను "చూద్దాంలే అల్లుడూ" అని పెట్టేశాను. వాడి చిన్నప్పుడు సైకిల్ చైను ఊడితే ఎక్కించింది నేను. వాడొచ్చి నాకు మిషన్ల గురించి చెప్పడమా అని లోపల పొడుచుకుంది. ఇది ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు.

వాడి మాట వినకపోవడానికి రెండో కారణం ఇంకా సిగ్గుచేటు. బోర్డు మారిస్తే ఎవరికి కనిపిస్తుంది? ప్రాసెసర్ ఫ్యాను కింద దాక్కుంటుంది, ర్యామ్ వేలెడంత ముక్క. కార్డు అలా కాదు. రెండు మూడు ఫ్యాన్లతో ఇటుకంత ఉంటుంది. పేరు చెబితే పిల్లలు నోరెళ్లబెడతారు. తరవాత నేను కార్డు ఆటకోసం కొనలేదు, ఆ నోళ్ల కోసం కొన్నాను. మూడో కారణం డబ్బు. కొత్తది కట్టాలంటే మొత్తం అంకె ఒక్కసారిగా ఇంట్లో చెప్పాలి. ముక్కలుగా కొంటే అది ఖర్చులా కనిపించదు. నా దగ్గర బండి సామాన్లు కొనేవాళ్లలో ఈ జబ్బు రోజూ చూస్తాను. పాత బండికి ఈ నెల క్లచ్ ప్లేట్లు, వచ్చే నెల కార్బొరేటర్, ఆ పై నెల వైరింగ్. రెండేళ్లకు లెక్కేస్తే ఆ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ బండి వచ్చేది. వాళ్లకు నేను చెప్పే మాట నాకే వినిపించలేదు.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, దాన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే పని ఆగిపోయింది. కార్డుల ధరలు దిగుతున్నాయని తెలిసింది. నాకు అవసరమా అని ఆలోచించలేదు, ధర తగ్గిందని పరిగెత్తాను. దసరాకు రెండు రోజుల ముందు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 31,500 పెట్టి 12 జీబీ ఆర్టీఎక్స్ 3060 కొన్నాను. తిరుగు రైల్లో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కాయన "ఏముంది సార్ అందులో?" అని అడగాలని కోరుకున్నాను. అడిగాడు. జనగామ నుంచి కాజీపేట దాకా చెప్పాను.

ఇంటికొచ్చి చూస్తే కార్డు పెట్టెలో పట్టదు. పాత కేబినెట్‌లో హార్డ్ డిస్కు అర అడ్డం. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టుంది నా పని. రెండు రోజులు ఆగి దసరా నాడు దాని పని పట్టాను. పనిముట్లన్నీ షాపులో ఆయుధ పూజకు పెట్టాం. పూజలో ఉన్న పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదని మా నాన్న దగ్గర నేర్చుకున్నవాణ్ని. ముట్టుకున్నాను. కుంకుమ బొట్లతో ఉన్న డ్రిల్లు తీసుకొచ్చి, అరకున్న రివెట్లు కోసి పీకేశాను. హార్డ్ డిస్కును అడుగున స్పాంజి ముక్క మీద పెట్టాను. కార్డుకు ఎనిమిది పిన్నుల కరెంటు తీగ కావాలి, నా పాత పవర్ సప్లైకి ఆరు పిన్నులదే ఉంది. 250 రూపాయల కన్వర్టర్ వైరు తెచ్చి తగిలించాను. 170 వాట్లు తాగే ఆ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలని డబ్బా మీదే రాసి ఉంది. చదివాను. చదివి, "వంద వాట్లు ఏం చేస్తాయిలే" అనుకున్నాను.

ఆట ఆడితే, నిజం చెబుతున్నా, పెద్ద తేడా ఏమీ లేదు. బొమ్మ నున్నగా అయింది, నీడలు బాగున్నాయి, కానీ నగరంలోకి వెళితే అదే తడబాటు. నాకు తెలుస్తూనే ఉంది. అయినా నేను ఫోన్లో అందరితో "మక్ఖన్ లెక్క నడుస్తుంది" అన్నాను. మూడు నెలలు అలాగే అన్నాను.

సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చారు. సకినాలు తింటూ మేనల్లుడు, తమ్ముడి పిల్లలు, పక్కింటి పిల్లలు, మొత్తం ఏడుగురు నా గది నిండా చేరారు. నేను కుర్చీలో రాజులా కూర్చుని సెట్టింగులన్నీ పైకి లాగాను, నీడలు పైకి, వెలుతురు పైకి, జనం పైకి, అన్నీ పైకి, "చూడుర్రి ఇప్పుడు" అన్నాను, కారెక్కాను, నగరంలోకి మలుపు తిప్పాను, లోపల్నించి టప్పుమని ఒక శబ్దం, స్క్రీను నల్లగా, కాలిన వాసన, ఏడు మొహాలు నావైపు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"కరెంటు పోయింది."

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగుతోంది. పక్క గదిలో టీవీలో పాటలు వస్తున్నాయి. తమ్ముడి చిన్నది, ఆరేళ్ల పిల్ల, పైకి చూసి, "పెదనాన్నా, ఫ్యాను తిరుగుతుంది కదా" అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆరేళ్ల పిల్ల ముందు అబద్ధమాడి దొరికిపోవడం కంటే పవర్ సప్లై కాలిపోవడం చాలా చిన్న నష్టమని ఆ రాత్రి నాకు అర్థమైంది.

మర్నాడు ఊళ్లోనే 5,200 పెట్టి 650 వాట్ల మంచి సప్లై తెచ్చాం. అదృష్టం, మిగతావేవీ కాలలేదు. మేనల్లుడే బిగించాడు. బిగించాక ఆట నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాడు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. "మామా, ఈ రెండంకెలు చూడు" అన్నాడు. ప్రాసెసర్ 100. కార్డు 38.

"నీ కార్డు ఖాళీగ కూసుంది మామా" అన్నాడు. నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పాడు. ఆటలో ప్రతి ఫ్రేముకూ ముందు ప్రాసెసర్ లెక్క కట్టాలి. ఏ మనిషి ఎటు నడుస్తున్నాడు, ఏ కారు ఎక్కడ తగిలింది, ఏది కనిపించాలి, ఏది కనిపించకూడదు అని తేల్చి కార్డుకు అందిస్తే, అప్పుడు కార్డు బొమ్మ గీస్తుంది. నా నాలుగు కోర్ల ప్రాసెసర్ సెకనుకు ముప్పై నలభై సార్లకు మించి అందించలేకపోతోంది. కౌంటర్ మీద చీటీ రాసేవాడు ఒక్కడే ఉంటే, గోడౌన్‌లో ఎంతమంది కుర్రాళ్లుంటే ఏం లాభం? వాడు ఇంకో పరీక్ష కూడా చూపించాడు. స్క్రీను రిజల్యూషన్ బాగా తగ్గించి అదే వీధిలో తిప్పాడు. కార్డు బలహీనమైతే ఫ్రేములు అమాంతం పెరగాలి. పెరగలేదు. అంటే జబ్బు కార్డులో లేదు. రెండు నిమిషాలు, పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌కు ఇదే ప్లగ్గు విప్పి చూడటం. పుండొకచోట ఉంటే, నేను ముప్పై ఒక్క వేల ఐదొందలు పోసి మందు ఇంకోచోట రాశాను.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. మేనల్లుడు మళ్లీ అదే అన్నాడు, బోర్డు మార్చమని. నేను మళ్లీ వినలేదు. ఈసారి పట్టుదల. నా చేత్తో బిగించిన పెట్టె, నా చిట్టీ డబ్బుతో వచ్చిన పెట్టె, అది పనికిరాదంటే నన్నే అన్నట్టు తోచింది. ఆ సాకెట్‌లోనే కూర్చునే ఐ7 4790 సెకండ్ హ్యాండ్‌ది వెతికి 6,800కు కొన్నాను. ఎనిమిది జీబీల డీడీఆర్3 ర్యామ్ రెండు, 2,600. కోర్లు అవే నాలుగు, కాకపోతే ఒకేసారి ఎనిమిది పనులు చేపట్టగలదు. కుదుపులు కొంత తగ్గాయి. కొంతే. 2014 నాటి ప్రాసెసర్‌ను 2023లో కొన్నవాడు అంతకు మించి ఆశించకూడదు. ఆ జూన్‌లోనే సైబర్‌పంక్ వాళ్లు కనీస అవసరాలు పెంచి ఐ7 6700 అన్నారు. నేను కొన్నది అంతకంటే పాత తరం. విండోస్ 11 కూడా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది, నాది నాలుగోది. డబ్బు పెట్టిన నాలుగు నెలలకే రెండు తలుపులూ మూసుకున్నాయి. నిజానికి ఒకటి 2021లోనే మూసి ఉంది, నేను తల ఎత్తి చూడలేదు.

ఒక రాత్రి మా ఆవిడ షాపు లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. చివరి పేజీలో నా పేరు రాసి, కింద వరసగా ఉన్నాయి. 3,400. 31,500. 250. 5,200. 6,800. 2,600. గీత గీసి కింద 49,750. నేను ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఆమె ఒక్కచోట రాసుకుంటూ వచ్చింది. "మొత్తం ఒక్కసారి అడిగితే నేను వద్దనేదాన్నా?" అంది. అనేది కాదు. ఇరవై ఏళ్ల కాపురంలో నాకు అడ్డు చెప్పింది రెండుసార్లు, రెండుసార్లూ ఆమె మాటే నిజమైంది. నేను దాచింది ఆమెకు భయపడి కాదు. ఆ మొత్తాన్ని నేనే చూడలేక.

ఆ పేజీ ముందు పెట్టుకుని మొదటిసారి పద్ధతిగా కూర్చున్నాను. ఒక్కో అంకె పక్కన రాశాను, ఇది కొత్త పెట్టెలోకి వస్తుందా రాదా అని. ఎస్ఎస్‌డీ వస్తుంది. కార్డు వస్తుంది. పవర్ సప్లై వస్తుంది. ప్రాసెసర్ రాదు, ఆ సాకెట్ ఇప్పుడు లేదు. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 గాడిలో దిగనే దిగదు, దాని కోత వేరేచోట ఉంటుంది. కన్వర్టర్ వైరు చెత్తబుట్టకే. అంటే నిజంగా నేలపాలైంది 9,650 రూపాయలు. మిగతాది తప్పు వరసలో పెట్టిన డబ్బే గానీ పోయిన డబ్బు కాదు. పాతదాన్ని బాగుచేయాలా, కొత్తది కట్టాలా అని నేను నెలల తరబడి కొట్టుకున్న ప్రశ్నకు జవాబు ఆ గీతల్లోనే ఉంది. పెట్టె మారినా వెంట వచ్చే ముక్క మీద పెట్టొచ్చు. పాత బోర్డుతోనే చచ్చే ముక్క మీద పెట్టకూడదు.

మేనల్లుణ్ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ వెళ్లాను. ఈసారి వాడు చెప్పాడు, నేను డబ్బులిచ్చాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్ 13,200. బీ550 బోర్డు 9,800. 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ 3,700. కార్డు పట్టే కేబినెట్ 3,500. మొత్తం 30,200. అంతకంటే కొత్త సాకెట్ ఏఎం5 బజార్లో ఉంది, నా చెయ్యి అటు లాగింది. "నీ మానిటర్ సెకనుకు అరవై ఫ్రేములే చూపిస్తది మామా, ఇది చాలు" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఆ రాత్రి అదే వీధిలో, అదే మలుపులో, అదే కార్డుతో ఆట ఆడాను. అరవై ఫ్రేములు నిలకడగా వచ్చాయి. టాస్క్ మేనేజర్‌లో కార్డు 90 దాటింది. పది నెలల తరవాత అది మొదటిసారి పనిచేసింది.

పాత పెట్టెను పారేయలేదు. ఐ7, 16 జీబీ ర్యామ్‌తో షాపులో బిల్లులు కొడుతోంది. ఆ పనికి అంత బలం అక్కర్లేదని నాకు తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు ఆపేసేసరికి మేనల్లుడు వచ్చి లినక్స్ ఎక్కించి వెళ్లాడు. రివెట్లు పీకిన చోట నాలుగు రంధ్రాలు అలాగే ఉన్నాయి. ప్రతి దసరాకు దానికీ బొట్టు పెట్టి పూజ చేస్తున్నాను. ఆ రోజు డ్రిల్లు ముట్టుకోను.

మీ ఇంట్లోనూ ఆయాసపడే పాతది ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి ఆట నడుస్తుండగా ఆ మూడు మీటలూ నొక్కండి, ఆ రెండంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం మీ ఇంట్లోవాళ్లకు చూపించండి. బజారుకు ఆ తరవాతే బయల్దేరండి.